అక్క చేపలకు బావ కొన్న మోటరు

మా బావ బదరీనారాయణ ఏ వస్తువునూ ఒక్కచోట చూసి కొన్న మనిషి కాదు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధిలో ఆయన కొట్టు చిన్నదే. అయినా పెద్ద పెద్ద కొట్లవాళ్లు సైతం అనుమానం వచ్చిన నగను ఆయన దగ్గరికే పంపుతారు. గీటురాయి మీద ఒకసారి రుద్ది, ఆ గీతను వెలుతురుకు తిప్పి చూసి, "దీంట్లో రాగి ఎక్కువుండాది, తీసుకపో" అన్నాడంటే ఇక దానికి అప్పీలు లేదు. ఈమధ్య మిషన్లు వచ్చాయి. నగను లోపల పెడితే తెర మీద లెక్క చూపిస్తాయి. బావ ఆ లెక్క చూస్తాడు, మళ్లీ రాయి మీద గీస్తాడు, అప్పుడు మిషన్ చెప్పింది సరేనని ఒప్పుకుంటాడు. కొత్తిమీర కట్ట కొనాలన్నా నాలుగు బండ్ల దగ్గర వాసన చూస్తాడు. మా అక్కను చూసుకోవడానికి జమ్మలమడుగుకు మళ్లీ మళ్లీ వచ్చాడని మా అమ్మ పద్మావతమ్మ పోయేదాకా ఆడిపోసుకుంది.

చెడ్డవాడు కాదు. అబద్ధం ఆడడు, ఒకరి సొమ్ము ముట్టడు. కానీ ఇంట్లో ఆడమనిషికి కూడా ఒళ్లు నొప్పి పుడుతుందన్న సంగతి ఆయన చెవిన ఎవరూ వేయలేదు. వేసినా ఆ చెవి కొట్టులో ఉండేది. నాకు ఆయన మీద ప్రేమ ఉంది, కోపమూ ఉంది. రెండూ ఒకే ఇంట్లో వేరు కాపురాలు పెట్టుకుని ఉంటాయి.

అక్క పేరు వసుంధర. పెళ్లయి ప్రొద్దుటూరు వచ్చాక తన కోసమని ఆమె కొనుక్కున్న వస్తువు నాకు తెలిసి ఒక్కటే. ఒక దసరాకు ఎగ్జిబిషన్లో ప్లాస్టిక్ కవర్లలో నీళ్లు పోసి తాడుకు వేలాడదీసిన చేపలను చూసి, మూడు గోల్డ్ ఫిష్‌లను ఇంటికి తెచ్చుకుంది. "బంగారు సెట్టి పెండ్లానికి బంగారు చేపలే కావాల్సొచ్చెనా?" అని నేను ఆట పట్టించాను. దీపావళి దాకా బతకవని ఇంట్లో అందరూ తేల్చేశారు. అవి బతికాయి. ఏళ్లు గడిచాయి, ఒక్కొక్కటీ అరచేయంత అయింది. చిన్న తొట్టి పోయి, మిద్దె మీది హాల్లోకి పెద్ద గాజుతొట్టి వచ్చింది. మూడింట్లో ఒకదానికి తోక కొస చిరిగి ఉండేది. అక్కకు అదంటే ముద్దు. గాజు మీద వేలు పెడితే ఆ వేలి వెంటే తిరిగేది.

కొళాయి మాత్రం కింద వాకిట్లో ఉంది. మున్సిపాలిటీ నీళ్లు రోజు మార్చి రోజు వస్తాయి, వచ్చినప్పుడు బ్లీచింగ్ వాసన గుప్పుమంటుంది. ఆ వాసన పోయేదాకా అక్క బకెట్లు నింపి గోడ వారగా ఒకరోజంతా వదిలేసేది. తర్వాత ఒక్కొక్కటే మెట్లెక్కించి, తొట్టిలోని మురికినీళ్లు చెంబుతో తోడి, కొత్తవి పోసేది. తోడిన నీళ్లు మళ్లీ కిందికి, మొక్కలకు. మోకాళ్లు అరిగాక మెట్ల మలుపు దగ్గర బకెట్ దించి కాసేపు కూర్చునేది. ఇంట్లో మనుషుల రాకపోకలు ఆమెను దాటుకునే సాగేవి.

ఒకసారి నేను పులివెందుల నుంచి వెళ్లినప్పుడు అందరం భోజనాలకు కూర్చున్నాం. అక్క వడ్డిస్తూ వడ్డిస్తూ మెల్లగా అంది. "ఇదో, ఇనండి. చేపల తొట్లమ్మే షాహుల్ అంగట్లో నీళ్లు శుభ్రం చేసే మోటరు ఉండాదంట. అది పెడితే నీళ్లు ఇన్నిసార్లు మార్చే పని ల్యాకుండా పోతాదంట."

బావ పప్పన్నంలో నెయ్యి కలుపుకుంటూ, "నువ్వుండాక మోటరెందుకే?" అన్నాడు.

అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వి, కూర గిన్నె తేవడానికి లోపలికి పోయింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. మా అక్కకు ఒక వస్తువును రెండుసార్లు అడగడం చేతకాదు.

ముందటేడు ఎండాకాలంలో అక్క పోయింది. రాత్రి పడుకున్న మనిషి పొద్దున లేవలేదు. గుండె అన్నారు. బావ కొట్టు మూసి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఎవరు పలకరించినా తల ఊపడమే. ఏడవలేదు. ఈయనకు ఏడుపు కూడా గీటురాయి మీద గీసి చూస్తే గాని రాదేమో అని నాకు లోపల లోపల మండింది.

కర్మలు అయ్యేదాకా చేపల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. కోడలు స్వర్ణలత మేత మాత్రం వేస్తూ వచ్చింది. చుట్టాలందరూ వెళ్లిపోయిన రోజు బావ మిద్దెక్కి చూస్తే తొట్టి నీళ్లు కుడితి రంగుకు తిరిగి ఉన్నాయి. మూడు చేపలూ పైకి వచ్చి నోళ్లు తెరిచి మూస్తున్నాయి. ఆయన కిందికి వెళ్లి బకెట్ నింపాడు. పంచె ఎగగట్టి రెండు చేతులతో పట్టుకుని మెట్లెక్కాడు. నేను వెనకాలే ఉన్నాను. మలుపు దగ్గర ఆగాడు. బకెట్ దించాడు. అక్క కూర్చునే మెట్టు మీదే కూర్చుని, "ఇంత బరువుంటాదా ప్రసాదూ ఇది?" అన్నాడు. అప్పుడు ఏడ్చాడు. తుండుగుడ్డ నోట్లో కుక్కుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నా మంట ఆ మెట్ల మీదే చల్లారింది, పూర్తిగా కాదు గానీ.

మోటరు కొనాలని ఆ రోజే నిర్ణయమైపోయింది. కానీ కొనేది మా బావ కదా.

షాహుల్ అంగడికి వెళ్లాడు. షాహుల్ మంచివాడే, కాస్త మాటకారి. అమ్మేవాడికి ఆ మాత్రం ఉండాలి. మూడు రకాలు ముందర పెట్టాడు. ఒకటి గాలి బుడగలతో నడిచే స్పంజి. ఒకటి తొట్టి అంచుకు తగిలించేది. మూడోది తొట్టి కింద పెట్టే పెద్ద డబ్బా. ఒక గొట్టంలో నీళ్లు లోపలికి లాక్కుని, స్పంజిలోంచీ పింగాణీ ముక్కల్లోంచీ పోనిచ్చి, ఇంకో గొట్టంతో శుభ్రంగా పైకి పంపుతుంది. బావ మూడింటినీ తిప్పి తిప్పి చూసి, "ఇయ్యన్నీ ఎందుకప్పా, మేం తాగే ఫిల్టర్ నీళ్ల క్యాన్లు తెచ్చి పోస్తే పోదా?" అన్నాడు.

"వద్దు సెట్టిగారూ. ఆ నీళ్లల్లో అన్నీ తీసేసింటారు, చేపకు కావాల్సింది గూడా. మీ బంగారం మాదిరి కాదిది. మరీ శుద్ధం చేసినా బతకవు."

బావ ఆ మాట నమ్మలేదు. నమ్మకపోవడమే ఆయన వృత్తి. పులివెందులకు బస్సెక్కి మా ఇంటికి వచ్చాడు. మా వీధి చివర బేకరీలో గల్లాపెట్టె పక్కన ఒక చేపల తొట్టి ఉంది. అక్కడ తనకు అక్కర్లేని బిస్కెట్లు కొని, దాని ఫిల్టర్ ముందు నిలబడి, గాజుగ్లాసులో ఆ నీళ్లు పట్టించుకుని ఎండకు ఎత్తి చూశాడు. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. బేకరీవాడు నా వైపు చూశాడు. నేను ఈయన నాకు తెలియదన్నట్టు మిక్చర్ పొట్లాల వైపు చూశాను.

అక్కడి నుంచి జమ్మలమడుగు. ఎవరో పంటి డాక్టరు ఆస్పత్రిలో పెద్ద తొట్టి ఉందని విన్నాడట. చీటీ రాయించుకుని, దవడ పట్టుకుని వరసలో కూర్చుని, పొద్దెక్కేదాకా ఆ తొట్టి కింది డబ్బాను చూస్తూ గడిపాడు. తన పేరు పిలిచేసరికి "నొప్పి తగ్గిపాయె" అని లేచి వచ్చేశాడు. ఈ కథ ఆయనే నాకు ఫోన్లో చెప్పాడు. అక్క పోయాక మేమిద్దరం నవ్వింది అదే మొదలు. నవ్వు మధ్యలోనే ఆయన, "మీ యక్క ఉండింటే ఈ మాటకు ఎంత నగుతాండెనో" అన్నాడు.

చివరికి షాహుల్ దగ్గరే అన్నిట్లోకీ పెద్ద డబ్బా కొన్నాడు. బేరం ఆడలేదు. ఆ సంగతి దసరా దాటాక షాహుల్ నాకు చెప్పాడు. "సెట్టిగారు ధర అడక్కుండా తీసుకుంటే నాకు భయమేసిందన్నా. తగ్గిచ్చి ఇస్తానన్నా ఒప్పుకోల్యా." ఇంకో మాట కూడా చెప్పాడు. బిగించి వెళ్లేటప్పుడు ఒకటికి రెండుసార్లు హెచ్చరించాడట. "మోటరు ఎప్పుడూ ఆపాకండి. లోపల స్పంజికి జిగురు పడతాది, అది మురికనుకునేరు. అది ప్రాణముండేది. చేపల మురికిని తినేది అదే. కొళాయి నీళ్లతో కడిగితే చస్తాది. మోటరాపి ఊపిరాడకపోయినా చస్తాది." బావ తల ఊపి, కరెంటు పోతే ఎట్లా అని దానికి ఇన్వర్టర్ కలిపించాడు. అంత జాగ్రత్త.

నీళ్లు అద్దంలా తేరాయి. కొట్టు మూసి రాగానే బావ కాళ్లు కడుక్కుని తొట్టి ముందు కుర్చీ వేసుకునేవాడు. నాకు ఫోన్ చేస్తే చేపల కబుర్లే. తోక చిరిగింది తన వేలి వెంట కూడా తిరుగుతోందని చెప్పినప్పుడు ఆ గొంతులో గర్వం వినబడింది. "మీ యక్క పనంతా ఇది చేస్తాంది ప్రసాదూ. సద్దు గూడా చెయ్యదు, ఆమె మాదిరే" అన్నాడు. ఇంకొకసారి, "అవి బతికినంత కాలం మీ యక్క పని ఈ ఇంట్లో నడిచినట్టే గదా?" అని అడిగాడు. అవునన్నాను. ఆ చేపలు ఆయనకు ఇక చేపలు కావని నాకు అప్పుడు అర్థమైంది.

తొట్టి నీళ్లు ఇప్పుడు ఎప్పుడో ఒకసారి కొద్దిగా మారిస్తే చాలు. అందుకని గోడ వారన బకెట్లు నింపి పెట్టే అలవాటు ఆ ఇంట్లో పోయింది.

అక్క సంవత్సరీకం అయ్యాక వచ్చిన మొదటి దసరా అది. ప్రొద్దుటూరు దసరా సంగతి మా జిల్లాలో ఒకరికి ఒకరు చెప్పుకోవాల్సింది కాదు. ఆయుధ పూజ నాడు నేను అక్కడే ఉన్నాను. బావ ఇంట్లో ఆ ఆచారం మహా గట్టిది. కాటా, గీటురాయి, చిమటాలు, కత్తెరలు, బండి, కుట్టుమిషన్, చివరికి వంటింటి మిక్సీ దాకా అన్నిటినీ కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కదిలించగలిగిన వాటిని అమ్మవారి పటం ముందు పీట మీద పెడతారు. మరునాడు పూజ అయ్యేదాకా ముట్టరు. ఏడాదంతా మన కోసం అరిగిన వస్తువుకు ఒక రోజు సెలవు. అక్క ఉన్నప్పుడు ఆ రోజు కూడా ఆమె బకెట్ మోసేది. "అన్నీ సెలవులో ఉంటే నీకేందే ఈ మోత?" అని బావ కసిరేవాడు. "వాటికి ఊపిరాడాల గదా" అనేది అక్క.

ఆ పొద్దున బావ మిద్దె మీదికి వెళ్లి, గొట్టాలు విప్పి, డబ్బాను రెండు చేతుల్లో కిందికి తెచ్చాడు. వాకిట్లో కొళాయి కింద కూర్చుని స్పంజిని పిండి పిండి తెల్లగా చేశాడు. పింగాణీ ముక్కలను కుంకుడు రసంలో వేసి, బంగారు గొలుసు మెరుగు పెట్టినట్టు ఒక్కొక్కటే తోమాడు. జిగురుతో ఉన్న వస్తువును అమ్మవారి ముందు ఎట్లా పెడతాం అన్నది ఆయన లెక్క. మూత మీద పసుపు రాసి, బొట్టు పెట్టి, చామంతి పువ్వు ఉంచి, తెచ్చి కాటా పక్కన పీట మీద పెట్టాడు.

స్వర్ణలత చూసింది. "మామా, దాన్ని గూడా ఆపాల్నా?"

బావ పంచె అంచుతో మూత మీది తడి తుడిచాడు. "మీ యత్తకు ఈ ఇంట్లో ఒక్కనాడూ సెలవు ఈల్యా నేను. ఆమె పని చేస్తాండే దీనికైనా ఈ పొద్దు సెలవుండనీమ్మా" అన్నాడు.

స్వర్ణలత కళ్లు తుడుచుకుంది. ఆ మాటకు అడ్డం చెప్పగలిగే మనిషి ఆ ఇంట్లో ఎవరూ లేరు. ఉన్న ఒక్క మనిషీ గోడ మీద దండేసిన పటంలో ఉంది.

మరునాడు పూజ అయ్యాక డబ్బాకు దండం పెట్టి బావ దాన్ని పైకి తీసుకెళ్లి బిగించాడు. అప్పటికే చేపలు నీటి పైకి వచ్చి ఆవులిస్తున్నాయి. మోటరు వేస్తే తేరుకుంటాయని కూర్చున్నాడు. మధ్యాహ్నానికి నీళ్లు పాలు విరిగినట్టు మసక తిరిగాయి. ఒక చేప పక్కకు ఒరిగింది. నీళ్లు మార్చాలని బకెట్ కోసం కిందికి పరుగెత్తాం. గోడ వారన ఒక్క బకెట్ కూడా నిండి లేదు. కొళాయి తిప్పితే బ్లీచింగ్ వాసన. వీధిలో అమ్మవారి ఊరేగింపు మొదలై, డప్పుల మోతకు కిటికీ అద్దాలు అదురుతున్నాయి. బావ ఖాళీ బకెట్ పట్టుకుని వాకిట్లో నిలబడిపోయాడు. "ఆమె ఎప్పుడూ నింపి పెడతాండె ప్రసాదూ, ఎప్పుడూ నింపి పెడతాండె" అని అదే మాట అంటున్నాడు.

షాహుల్‌కు ఫోన్ చేశాను. ఆ జనంలో బండి రాదని తన తొట్లలోని నీళ్లు రెండు క్యాన్లకు పట్టుకుని, భుజాన వేసుకుని నడిచి వచ్చాడు. మిద్దెక్కి డబ్బా మూత మీది పసుపును చూశాడు. నీళ్లు పోశాడు, చేతనైనంత చేశాడు. దీపాలు పెట్టే వేళకు రెండు చేపలు పోయాయి. తోక చిరిగింది మాత్రం అడుగున పడి, చాలాసేపటికొకసారి మొప్ప ఆడిస్తూ మిగిలింది.

"ఆపాకండన్న్యాడు షాహుల్. ఇనకుండా పోల్యా, ఇన్న్యా" అన్నాడు బావ, షాహుల్ వెళ్లిపోయాక. "కరెంటు పోయి ఆగిపోయేది వేరు, పూజకు సెలవిచ్చేది వేరు అనుకుంటి. అమ్మవారి ముందర పెట్టిన వస్తువు చెరుపు చేస్తాదా అనుకుంటి." రెండు చేపలనూ తెల్లగుడ్డలో చుట్టి పెరట్లో అక్క పెంచిన మల్లెచెట్టు కింద పూడ్చాడు. చేతులు కడుక్కుంటూ, "ఒక్కటే పని అప్పజెప్పి పాయె ఆమె" అన్నాడు. నేను ఓదార్చాలనుకున్నాను. ఓదార్పు మాటలన్నీ అబద్ధంగా తోచి, ఆయన చేతుల మీద చెంబుతో నీళ్లు పోశాను.

ఈ ఏడు దసరాకు మళ్లీ వెళ్లాను. అమ్మవారి ముందు పీట మీద కాటా ఉంది, గీటురాయి ఉంది, మిక్సీ ఉంది. డబ్బా లేదు. పైన దాని సన్నటి చప్పుడు వినబడుతోంది. బొట్టు తొట్టి గాజుకు బయటివైపు పెట్టారు. లోపల తోక చిరిగింది ఒక్కటే తిరుగుతోంది. వాకిట్లో గోడ వారన బకెట్లు నిండి ఉన్నాయి. అందులో ఒకదాన్ని పట్టుకుని బావ మెట్లెక్కుతున్నాడు. మనిషి బాగా వంగిపోయాడు. మలుపు దగ్గరికి వచ్చేసరికి ఆయాసపడుతున్నాడు.

"మోటరుండాక నీకెందుకు బావా ఈ మోత?" అన్నాను.

అన్నాక నాలుక కరుచుకున్నాను. అది ఆయన మాటే. నేను తిప్పి అన్నట్టయింది. బావకూ గుర్తొచ్చింది. బకెట్ దించి, అక్క కూర్చునే మెట్టు మీద కూర్చుని, నీళ్లలోకి చూశాడు.

"మీ యక్క ఎప్పుడూ సెలవడగల్యా ప్రసాదూ. మోటరు అడిగె, ఒక్కసారే అడిగె. అడిగిన మనిషికి మోటరు ఈల్యా. అడగని మోటరుకు సెలవిస్తి."

నేను బకెట్ కోసం చేయి చాపాను. ఇవ్వలేదు.